మేత గిన్నె మొర

పంజరం కమ్మీకి కొక్కెంతో వేలాడే స్టీలు గిన్నెను నేను. నంద్యాల జిల్లా పగిడ్యాలలో ఓ ఇంటి వరండాలో నా కాపురం. నా దొరలిద్దరు: ఎర్రటి మొహం, పచ్చటి ఒళ్లు, ఒక్కొక్కరూ 50 గ్రాముల బరువు. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు ఆస్ట్రేలియా బడ్జీలు. మావాళ్లు మాత్రం అసలు సిసలు ఆఫ్రికా లవ్ బర్డ్స్. వీళ్ల పూర్వీకులు నమీబియా ఎండు నేలల్లో గింజలు, పండ్లు ఏరుకుని తిన్నవాళ్లు. ఆ లెక్కన రాయలసీమ ఎండ వీళ్లకు మరీ పరాయిదేం కాదు.

ఎప్పుడు చూసినా నిండుగా కనిపించడమే నాతో వచ్చిన చిక్కు. వీళ్లు గింజను ముక్కున పట్టి తిప్పి, లోపలి పప్పు మింగి, పొట్టు నాలోనే వదిలేస్తారు. సాయంత్రానికి పైనంతా పొట్టే. ఇంటి పిల్లోడు తొంగిచూసి, "అవ్వా, కొర్రలు ఇంకా శానా ఉండాయి" అంటాడు. చాటలో కొర్రలు చెరిగిన చేయి అవ్వది, ఆ మాట నమ్ముతుందా? నన్ను ఊడదీసి ఉఫ్ఫని ఊదుతుంది. అడుగున నాలుగు గింజలు, ఇంత రెట్ట. "ఉండాయి గదా, తిను మరి నాయనా!" అంటుంది. నిండుగా కనిపించే గిన్నె ముందే పస్తులుండి చచ్చిపోయే పక్షులున్నాయి.

కొర్రలకు ఇక్కడ కొదవ లేదు. సూర్యనంది అనే కొర్ర రకం నంద్యాల పరిశోధన స్థానంలోనే పుట్టింది. పొట్టు తీయని కొర్రలు, సజ్జలు పక్షికి రోజుకు ఒకటి, రెండు టీస్పూన్లు చాలు. పొద్దుతిరుగుడు గింజలు పడ్డాయంటే మిగతావి నేలపాలు చేసి అవే ఏరుకుంటారు. రోజంతా ఎగిరే పక్షికి ఆ నూనె అరుగుతుంది, పంజరంలో కూర్చున్నదానికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. వట్టి గింజల్లో విటమిన్ ఎ, కాల్షియం చాలవు. కాల్షియం తగ్గితే ఆడపక్షికి గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికొస్తుంది. అందుకే నా పక్కన కటిల్ బోన్ అనే కాల్షియం ముక్క వేలాడుతుంటుంది.

పెరట్లో కోసిన పండుమిరప కాయ నాలో పడ్డ రోజు చూడాలి! "వద్దవ్వా, నోరు మండి సస్తాయి" అని పిల్లోడు ఒకటే గోల. దొరలేమో కాయను కాలితో అదిమిపట్టి గింజలతో సహా నమిలేస్తున్నారు. పక్షుల నోటికి మిరప కారం తెలియదు. అడవి మిరప విత్తనాలను ఊరూరా మోసింది కూడా పక్షులే. ఆ ఎర్రదనంలో విటమిన్ ఎ గా మారే పదార్థం దండిగా ఉంటుంది. క్యారెట్, మునగాకు, తోటకూర, గింజలు తీసిన ఆపిల్ ముక్కా పడుతుంటాయి. మందు కొట్టిన చేలోది ఏదైనా సరే అవ్వ దగ్గరికి రానీయదు. విత్తన శుద్ధి మందు పూసిన రంగు గింజలు కూడా అంతే, అవి విత్తడానికే గానీ మేతకు కాదు. నంద్యాల విత్తనాల ఊరు కాబట్టి చుట్టుపక్కల ఆ సంచులు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. జాగ్రత్త.

చుట్టాలొస్తే నాకు భయం. టీలో ముంచిన బిస్కెట్టు, మిక్చర్, చాక్లెట్ ముక్క ముద్దుగా తెచ్చి నాలో పడేస్తారు. చాక్లెట్, అవకాడో వీళ్లకు విషమే. ఎండాకాలం ఇంకో గొడవ. 45 డిగ్రీల్లో మొలకెత్తిన పెసలు మధ్యాహ్నానికే పులుస్తాయి. పొద్దున వేసి, రెండు గంటల్లో తీసేయాలి. నీళ్లు పూటపూటకూ మార్చాలి.

వట్టి గింజలకు మరిగిన పక్షి ఆకు ముట్టడానికి వారాలు పడుతుంది. "ఆకలైతే అదే తింటుంది లే" అని గింజలు మాత్రం ఆపకండి. 50 గ్రాముల ప్రాణానికి ఒక్కరోజు పస్తే ప్రమాదం. గింజ కూడా ముట్టకుండా రెక్కలు ఉబ్బించి కూర్చుంటే ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.