పొట్టలో నేనున్న 23 రోజులు

నేను చిటికెన వేలంత కూడా మందం లేని సిలికాన్ గొట్టాన్ని. లోపలుండే కొసకు చిల్లులు, బయటి కొసకు నొక్కిపెడితే లోపలిది పీల్చే బల్బు. వార్డులో నన్ను డ్రెయిన్ అంటారు. విజయనగరం వైపు రైతు ఒకాయనకు క్లోమం తల భాగాన్ని తీసేసే విప్పుల్ ఆపరేషన్ చేసి, మిగిలిన క్లోమాన్ని పేగుకు కుట్టిన అతుకు పక్కన నన్ను పడుకోబెట్టారు. జారిపోకుండా చర్మానికి ఒక కుట్టు వేశారు.

నేను కాపలా ఉన్నది ఆ అతుక్కే. గట్టిపడ్డ క్లోమమైతే కుట్టు నిలుస్తుంది. ఆయనది వెన్నముద్దలా ఉంది, దారం బిగిస్తే కోసుకుపోతుంది. లోపలి నాళం 3 మిల్లీమీటర్లు కూడా లేదు. అలాంటిచోటే కారుతుంది. కారేది మాంసాన్నీ కొవ్వునూ అరిగించే రసం. పేగులో ఉన్నంతసేపూ తిన్న తిండి అరుగుతుంది, బయటికొస్తే ఒళ్లే అరుగుతుంది. దగ్గర్లోనే ఆపరేషన్‌లో కట్టేసిన రక్తనాళం మొదలు ఉంది. నా భయమంతా దాని గురించే.

రోజూ పొద్దున సిస్టరు బల్బు వంపి, కొలిచి, చార్టులో రాసేది. "ఇయ్యాలెంతమ్మా?" అని ఆయన అడిగేవాడు. 120 మిల్లీలీటర్లు, 90, మళ్లీ 110. నాకు తెలిసిన భాష ఆ అంకెలే.

3వ రోజు నా నీటిని ల్యాబుకు పంపారు. క్లోమరసంలో ఉండే అమైలేజ్ రక్తంలో 100 దాటకూడదు, నాలో 2,400 ఉంది. మూడింతలు దాటితే చాలు, ఎంత కొంచెం కారినా లెక్కలోకి వస్తుంది. పీజీ డాక్టరు కేస్ షీటులో 'ఫిస్టులా, గ్రేడ్ ఏ' అని రాశాడు. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ రైతు భార్య అన్నం ముట్టలేదు. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారు దాన్ని కొట్టేయించి, 'బయోకెమికల్ లీక్' అని రాయించారు.

అతుకులోంచి ఇలా రసం కారడమే ఫిస్టులా. దానికి ఒకప్పుడు ఎవరి నిర్వచనం వాళ్లదే. 2004లో ఇటలీలోని వెరోనా సర్జన్లు వెతికితే 26 నిర్వచనాలు తేలాయి. వాటి ఆధారంగా నాలుగు నిర్వచనాలు కూర్చి ఒకే రోగుల మీద పెట్టి చూస్తే, ఫిస్టులా వచ్చినవాళ్లు ఒక లెక్కలో నూటికి 10 మంది, ఇంకో లెక్కలో 28 మంది. రోగులు మాత్రం వాళ్లే! అలాంటప్పుడు ఏ ఆసుపత్రి పని మెరుగో ఎలా తెలుస్తుంది? 2005లో వెరోనా సర్జన్ క్లాడియో బాస్సీ, ఇతర దేశాల సర్జన్లు కలిసి ఒకే నిర్వచనం, ఏ, బి, సి గ్రేడ్లు పెట్టారు. 2016లో మళ్లీ కూర్చుని 'ఏ'ని ఫిస్టులా లెక్కలోంచే తీసేశారు. అమైలేజ్ ఎక్కువున్నా వైద్యంలో ఏ మార్పూ అవసరం పడకపోతే దాన్ని జబ్బు అనకూడదన్నారు. ఆ దిద్దుబాటు ఎంత న్యాయమైందో ఆ ఇల్లాలి ముఖం చూశాక నాకు తెలిసింది. రైతు అప్పటికే లేచి వరండాలో నడుస్తున్నాడు.

7వ రోజు నా నీరు రంగు మారింది. బురదలా, వాసనతో. సాయంత్రానికి చలిజ్వరం. స్కాన్‌లో చీము చేరినట్టు కనబడితే యాంటీబయాటిక్ మొదలెట్టి, పక్కలోంచి ఇంకో గొట్టం దించారు. కిడ్నీలు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. "ఇప్పుడు రాయి, గ్రేడ్ బి" అన్నారు పెద్ద డాక్టరు గారు.

9వ రోజు అర్ధరాత్రి నాలో సన్నటి ఎర్రచార దిగింది. పెద్ద రక్తస్రావానికి ముందు ఒక్కోసారి వచ్చే కబురది. సిస్టరు తెల్లారనివ్వలేదు, వెంటనే ఫోను చేసింది. రెండు గంటలకల్లా స్కాన్ అయింది. రక్తనాళం చెక్కుచెదరలేదు. కారిన రసం వల్ల మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చినా, అవయవాలు చేతులెత్తేసినా, ప్రాణమే పోయినా అది 'సి'. ఆ రాత్రి ఆ అక్షరం గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిందని నేననుకుంటాను.

తర్వాత 60, 35, 20. పక్క గొట్టం ముందే తీసేశారు. 21వ రోజు దాటినా నేనింకా కొంచెం కారుతూనే ఉన్నాను. 23వ రోజు 5 మిల్లీలీటర్లు, అమైలేజ్ కూడా దిగింది. "ఊపిరి బిగబట్టు పెద్దాయనా" అంటూ డాక్టరు కుట్టు కోసి నన్ను లాగేశాడు. సిస్టరు నన్ను ఎర్ర సంచిలో వేస్తుంటే ఆయన భార్య చార్టు వైపు చూసింది.

"రేపట్నించి కొలవక్కర్లేదా అమ్మా?"