పండుగప్ప పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పాటు మొదలు కాగ పండుగప్ప కొఱకు
రొయ్య గుచ్చి నీట రువ్వవయ్య
మాటలాడ వలదు మంచుకాలపు వేళ
మడల నీడ చేప మాట వినును

అవతారిక: బెజవాడ నుంచి గాలాలతో నాగాయలంక దిగిన ఆదివారపు మిత్రబృందం నోరు కట్టకపోయేసరికి, పడవ సరంగు విసిగి చెప్పిన పద్యంగా దీన్ని భావించాలి.

టీక: పాటు = పోటుకు ఎక్కిన నీరు తిరిగి సముద్రానికి జారడం; మొదలు కాగ = మొదలైన వెంటనే, టీ తాగొచ్చాక కాదు; పండుగప్ప కొఱకు = జెల్ల కోసమైతే ఇంత యాతన అక్కర్లేదని ధ్వని; రొయ్య గుచ్చి = నెత్తిమీది కొమ్ము కింద, నల్లమచ్చకు తగలకుండా, బతికుండేలా గుచ్చి (దేనికో కవి చెప్పలేదు, గాలానికని అధ్యాహారం); నీట రువ్వవయ్య = పక్కవాడి చొక్కాకు కాదు; మాటలాడ వలదు = ఫోన్లోనూ వద్దు; మంచుకాలపు వేళ = మార్గశిర పుష్యాల్లో; మడల నీడ = మడచెట్ల వేళ్ల చాటున; చేప మాట వినును = చెవిన వేసుకొనును, చెప్పినట్టు వినదు.

తాత్పర్యం: నోరు మూసుకుని గాలం వెయ్యి.

విశేషాలు: పులిగడ్డ దగ్గర పాయలుగా చీలిన కృష్ణ దివిసీమను చుట్టి హంసలదీవి వైపు సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారాల మడ అడవుల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఉరవడి హెచ్చు. పాటు తీసేటప్పుడు మడల్లో దాగిన రొయ్యలు, చిరుచేపలు నీటితోపాటు పాయలోకి జారక తప్పదు. పండుగప్ప ఆ పాయ మలుపులోనే కాచుకుంటుంది. పద్యానికి ప్రాణం మొదటి పాదంలోనే ఉంది. తక్కినది సరంగు విసుగు.

ఇక చలి. పండుగప్ప వెచ్చదనం కోరే చేప. నీరు చల్లబడితే ఆకలి మందగిస్తుంది. తెల్లారకముందే బెజవాడలో బయల్దేరి వణికేవారికన్నా, ఎండెక్కాక వచ్చే పాటును లెక్కగట్టినవాడే తెలివైనవాడు. అమెరికా గల్ఫ్ తీరంలోనూ చలికాలపు పాయల్లో ఇదే లెక్కతో రెడ్ ఫిష్, స్పాటెడ్ ట్రౌట్ కోసం కాస్తారు. ఆ ట్రౌట్ పేరుకే ట్రౌట్. అవి రెండూ, గాలితిత్తి కోసం మన రేవుల్లో లక్షలు పలికే కచిడీ చేపా ఒకే కుటుంబానివి.

పూర్వపక్షం: చేపకు మాట వినిపిస్తుందా? సిద్ధాంతం: బయట చెవుల్లేకున్నా లోపలి చెవి ఉంది. అయితే గాలిలోని మాటలో చాలాభాగం నీటిపైనుంచే వెనుదిరుగుతుంది. పడవ చెక్క మీద తన్నిన కాలు, జారవిడిచిన క్యారేజీ మాత్రం సూటిగా చేరతాయి. కాబట్టి మూడో పాదంలో కవి పొరబడ్డాడు. నోటికన్నా కాలిని కట్టెయ్యమనాల్సింది. అలా రాస్తే యతి చెడుతుందని వెనుదీశాడేమో, క్షమించవచ్చు.

కవి చెప్పనిది మరొకటి: పండుగప్ప ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్లకు ఆడదవుతుంది. తూకానికి గర్వించే పెద్ద చేప చాలావరకు తల్లే.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివినవారికి చేప పడుతుందని హామీ లేదు. పడనివారికి కృష్ణా డెల్టా చెరువుల్లో పెంచిన పండుగప్ప బెజవాడ మార్కెట్లో దొరుకుతుంది. అక్కడ ఎంతైనా మాట్లాడవచ్చు, బేరం కూడా ఆడవచ్చు.