సున్నం డాబా ఎక్కదు

మంత్రిగారు వస్తున్నారంటే చాలు. తెల్లారేసరికి విజయనగరంలో రోడ్డుకు రెండు పక్కలా సున్నం గీతలు పడతాయి. టెండరు ఎప్పుడు పిలిచారు? పని ఎవరు చూశారు? ఎవడికి కావాలి! గీత పడింది. నిటారుగా పడింది.

అదే సున్నం ఆ రోడ్డు పక్క డాబాలకు పట్టిస్తే? పగలంతా శ్లాబు తాగే ఎండ తగ్గుతుంది. రాత్రంతా అది ఇంట్లోకి కక్కే వేడి తగ్గుతుంది. ఫ్యాను, కూలరు, మీటరు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. దీనికేం పెద్ద చదువులు అక్కర్లేదు. కానీ కారులోంచి చూస్తే డాబా పైభాగం కనపడదు కదా!

చట్టాలు లేవా అంటే, బోల్డున్నాయి. ఇంధన పొదుపు చట్టం 2001 నాటిది. భవనాల ఇంధన పొదుపు కోడ్‌ను 2014 జనవరిలో ఉమ్మడి రాష్ట్రమే తెచ్చింది. ఎవరికి? ప్రధానంగా పెద్ద పెద్ద వాణిజ్య భవనాలకు. ఇళ్లకని 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత ఇచ్చింది. పేరు వింటేనే ఒళ్లు చల్లబడాలి! అదీ కొత్తగా కట్టేవాటికే. మరి పలాసలో, ఆమదాలవలసలో ఎప్పుడో పోసిన శ్లాబు కింద ఉడికిపోతున్నవాళ్ల సంగతేటి?

వాళ్లకు వారోత్సవాలున్నాయి. ఏటా డిసెంబరు 14 నుంచి 20 దాకా ఇంధన పొదుపు మీద ర్యాలీ, బ్యానరు, ఫొటో. జనం ఫ్యాన్లు ఆపేసి దుప్పట్లు కప్పుకునే నెల చూసి మరీ పెట్టారు! మేలో మాత్రం ఫోనుకు మెసేజి వస్తుంది: వడగాల్పులు, ఇంట్లోనే ఉండండి. ఏ ఇంట్లో? ఆ శ్లాబు కిందేనా?

సర్కారుకు రంగులేయడం రాదనకండి, పాపం తగులుతుంది. 2019లో ప్రభుత్వం మారగానే ఊరూరా పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పడ్డాయి. 2020 మార్చిలో హైకోర్టు తీసేయమంది. జూన్‌లో సుప్రీంకోర్టూ కాదనలేదు. వేయడానికో ఖర్చు, గీకడానికో ఖర్చు. అంతకు ముందు అన్న క్యాంటీన్లకు పసుపు పూసినవాళ్లేం తక్కువ తిన్నారా? పంచాయతీ ఆఫీసులకేసిన ఆ మూడు రంగుల్లో తెలుపూ ఉందండోయ్. కాకపోతే గోడ దగ్గరే ఆగిపోయింది.

పక్క తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబడాలట. మన దగ్గర? 2014-19 మధ్య కాల్చిన కరెంటుకు 2022లో ట్రూ అప్ పేరుతో అదనపు ఛార్జీ వసూలు చేశారు. వెనక్కి అంత దూరం చూడగలిగిన కళ్లు తల పైకెత్తి కప్పు చూడలేవా?

పోనీ, మనమే సున్నం పట్టిద్దామంటే ఒక్క డాబా కోసం మేస్త్రి రాడు. వస్తే ఒకరోజు కూలి మొత్తం అడుగుతాడు. వీధి వీధంతా ఒకేసారి పెట్టుకుంటే? ఒకటే లారీ సున్నం, ఒకటే ముఠా, నాలుగు రోజుల పని. పగుళ్లూ అప్పుడే పూడ్చేయొచ్చు. వీధిని కూడగట్టేదెవరు? వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉన్నాడు. ఎమినిటీస్ సెక్రటరీ ఉన్నాడు. ఎనర్జీ సెక్రటరీ కూడా ఉన్నాడు! సర్వే అంటే చాలు, గుమ్మం గుమ్మం ఎక్కుతారు. మెట్లెక్కి డాబా మీదికి వెళ్లమని మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు.

ఇదెవరి పని అని అడిగి చూడండి. మున్సిపాలిటీ కరెంటోళ్లని చూపిస్తుంది. కరెంటోళ్లు గృహనిర్మాణ శాఖని చూపిస్తారు. అక్కడికెళ్తే, అది మీ సొంతిల్లు కదండీ, మాకేం సంబంధం అంటారు. మరి ఇంటి పన్ను నోటీసు అంటించేటప్పుడు అదెవరి ఇల్లు బాబూ?