న్యూటుపిల్ల పద్యము: టీకా తాత్పర్యము

ఆ.వె. చేయి ముందు మొలుచు, చెవికడ మొప్పలు
కుదియ నీరు విడిచి కొండ నెక్కు;
మూత మరచువాని ముంతలో నిలువదు;
తోడివాని కాలు తునిమి మింగు.

టీక: చేయి = ముందరి కాలు; ముందు = వెనుక కాళ్లకంటె ముందుగా; మొలుచు = పుట్టును; చెవికడ మొప్పలు = తలకిరువైపుల ఈకలవలె వ్రేలాడు మొప్పలు; కుదియన్ = ముడుచుకొనిపోగా; కొండన్ = తొట్టిలోని గులకరాతిని; ముంతలోన్ = గాజుతొట్టిలో; తోడివాని = తనతో పుట్టినదాని; తునిమి = కొరికి తెంచి.

తాత్పర్యము: సుగమము.

విశేషములు: న్యూటు తోక గల ఉభయచరము. యూరప్, జపాన్ పెంపకందార్ల తొట్లలో ప్రసిద్ధము. మన డార్జిలింగ్ కొండలలోను ఒక జాతి కలదు గాని వన్యప్రాణి చట్టము దానిని పట్టనీయదు.

వెనుక కాళ్లే ముందు మొలుచునని ఒక టీకాకారుడు. అతడు తోకకప్పను చూచి న్యూటుకు టీక వ్రాసినవాడు, ఉపేక్ష్యుడు.

"కొండ" యనగా హిమాలయమా యని కొందరి శంక. కాదు. మొప్పలు కరగి ఊపిరితిత్తులు పనికెక్కు వేళ గట్టు దొరకనిచో నీటిబిడ్డ నీటనే మునిగి చచ్చును. కావున నీటిమట్టము తగ్గించి రాయియో నాచుదిబ్బయో ఒరగబెట్టవలెను. తడి ఒంటితో నిలువు గాజునుగూడ ప్రాకును గనుక మూడవ పాదము. అందలి "ముంత" యతికి చాలినది గాని న్యూటుకు చాలదు. పిల్లలను ఇరుకున కుక్కుటయే నాల్గవ పాదమునకు హేతువు.

ఆ పాదమున రసమేది? కరుణమని ఒకరు, బీభత్సమని వేరొకరు. తెగిన కాలు కొన్ని వారములలో మరల మొలుచును. ఇటలీ పండితుడు స్పల్లాంజానీ ఈ వింతను 1768లోనే ప్రకటించెను. శోకమే నిలువనిచోట కరుణమెట్లు? హాస్యమే యని మా మతము. అయినను కడుపు నిండిన పిల్ల అన్న కాలి జోలికి అంతగా పోదు. ఎర కదలవలెను; కదలనిది ఆ పసిదానికి అన్నమే కాదు. డాఫ్నియా, అప్పుడే గుడ్డు పగిలిన ఆర్టీమియా శ్రేష్ఠములు. మన కోస్తా రొయ్యల హేచరీలవారు డబ్బాలలో కొని పొదిగించుకొనునది ఈ ఆర్టీమియానే. న్యూటుతో మన చుట్టరికము ఇంతమాత్రమే.

కొళాయి నీటి క్లోరిన్ పోగొట్టుట, మిగిలిన ఎరను తీసివేయుట కవి విడిచెను. గట్టెక్కిన పిల్ల మరల నీట దిగుటకు ఏండ్లు పట్టవచ్చును; అంతవరకు తేమనేల, సన్నని పండ్ల ఈగలు. ఇదియు విడిచెను. ఏల యనగా, న్యూటుకువలెనే పద్యమునకును పాదములు నాలుగే.