సంగటి కట్టె

నేను సంగటి కట్టెని. పుట్టుక చింతకొమ్మ. చింతామణి సంతలో ఒక ముసలి వడ్రంగి దగ్గర, బాగేపల్లి పక్క పల్లెటూరి అమ్మ నన్ను కొనింది. పదేండ్లు కెలికి కెలికి నా కొన నున్నగా అరిగింది. ఆ వంటింట్లోనే నా బతుకు తెల్లారిపోతుందనుకున్నా.

2023లో ఆయమ్మ కొడుకు ఎం.ఎస్. చదవను జర్మనీకి పోతానన్నాడు. చిక్కబళ్లాపురంలో ఇంజనీరింగు ముగించినోడు. చేతిలో వి.టి.యు. పట్టా, పక్కనే ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్య పేరు పెట్టుకున్న యూనివర్సిటీది. అప్పట్లో వీసాకి 11,208 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో చూపించాల్సి ఉండింది. దగ్గర దగ్గర పది లక్షలు. అందులో నుంచి నెలకి 934 యూరోలే చేతికిచ్చేవాళ్లు. నాయన భూమి మీద లోను తెచ్చి, "మన కుండలో నీళ్లు మనకే ఉద్ధరిణితో పోస్తారా!" అని నవ్వినాడు. ఆ రాత్రి సగం ముద్దకే లేచిపోయినాడు.

సూట్‌కేసు 23 కిలోలు దాటకూడదు. తూకమేస్తే కిలోన్నర ఎక్కువ. పిల్లోడు నన్ను తీసి పక్కన పెట్టినాడు. అమ్మ వాడి కొత్త బూట్లు తీసి నన్ను మళ్లీ లోపల పెట్టింది. రాగిపిండి జోలికి ఎవరూ పోలేదు.

చేరింది కెమ్నిట్జ్. 1953 నుంచి 1990 దాకా దాని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఊరి నడుమ ఏడు మీటర్ల పైచిలుకు మార్క్స్ తలకాయ, కంచుది. ఒళ్లు లేదు, తలే. ఫోటో చూసి నాయన మురిసిపోయినాడు. 1994లో, 2004లో ఎర్రజెండా ఎమ్మెల్యేని గెలిపించిన బాగేపల్లి కదా మాది!

హాస్టలు వంటగదిలో మంటలేని పొయ్యి, గాజు పలక. ఎసట్లో పిండి పోసి నన్ను దించితే గిన్నె బొంగరంలా తిరిగింది. ఇంట్లో అయితే అమ్మ కుండని కిందికి దింపి, పంగలకట్టె తగిలించి, దాని కొనలు రెండూ పాదాలతో అదిమిపెట్టి కెలుకుతుంది. వీడికి పంగలకట్టె ఏదీ? గిన్నెకి తువ్వాలు చుట్టి, నేల మీద పెట్టి, పాదాల నడుమ ఇరికించుకున్నాడు. కాళ్లు చుర్రుమన్నాయి. ఆ బూట్లు ఉండుంటే బాగుండు. ఎవరో చైనా పిల్ల తలుపు దగ్గర నిలబడి చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. ముద్ద నిండా ఉండలే. నంచుకోను ఊరిబిండి కూడా లేదు. అయినా వాడు గిన్నె నాకినాడు.

తొలి పరీక్షలో 5.0 వచ్చింది. అక్కడ 1.0 అంటే అందరికన్నా మేలు, 4.0 దాకా పాసు, 5.0 అంటే ఫెయిలు. వారానికి రెండు రాత్రులు గోడౌన్లో పెట్టెలు మోసి, పుస్తకం ముందర కునికినోడికి అంతకన్నా ఏమొస్తుంది?

"ఎంతొచ్చిందప్పా?" నాయన ఫోను.

"ఐదు నాయనా."

"ఎన్నిటికి?"

వాడు నా దిక్కే చూస్తా, "ఐదుకే" అన్నాడు.

మర్నాడు రచ్చకట్ట మీద మైసూరుపాకు పంచినాడంట నాయన.

మళ్లీ రాసినాడు. ఈసారి 1.7. సంతోషంలో నోరు జారి చెప్పేసినాడు. అవతల చానాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"పోనీలే అప్పా... ఒంట్లో బాగలేదేమో. సంగటి తింటా ఉండావా?"

వాడు నన్ను చేతిలోకి తీసుకుని, అసలు సంగతి యాడ మొదలుపెట్టాల్నో తెలీక, గిన్నెలో ఎసరు పోసినాడు.