చందాచంద్రిక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: రొక్కం చెల్లించి ఇంటికి తెచ్చుకున్న వస్తువు, నెలనెలా చందా కట్టనిదే పనిచేయనని మొరాయించగా, దాని ఎదుట నిలబడి ఒక గృహస్థు చెప్పుకున్న పద్యమిది. కవి పేరు తెలియదు. కోపంలో వచ్చిన ఆశువని కొందరంటారు. కస్టమర్ కేర్ వారు వినిపించే సంగీతం వింటూ తీరిగ్గా కట్టినదని మా పక్షం. యతులు ఇంత కుదురుగా పడ్డాయంటే అంతటి తీరిక మరెక్కడా దొరకదు.

సొమ్ము పోసి కొన్న చోద్యంపు యంత్రమ్ము
కదలఁబోదు నెలకుఁ గట్టకున్న
తుడుచు పనియు నాదె దొరతన మ్మెవనిదో
మూలనున్నదయ్య మూగవోయి

ప్రతిపదార్థం: సొమ్ము పోసి = ధనము వెచ్చించి. ఇచ్చి అనక పోసి అనడం చేత ధర చిన్నది కాదని సూచన. కొన్న = ఇక తనదేనని నమ్మిన. చోద్యంపు యంత్రమ్ము = వింతైన యంత్రము. మామూలు యంత్రానికి మోటారు, మరలు ఉంటే చాలు. చోద్యపుదానికి వైఫై కూడా ఉండవలెను.

కదలఁబోదు = నడవదు. ఇక్కడ కవి హృదయంలో ఉన్నది ట్రెడ్‌మిల్లేనని పెద్దల మాట. అమెరికాలో పెలోటన్ సంస్థ నాలుగు వేల డాలర్లకు పైబడి అమ్మిన ట్రెడ్ ప్లస్‌ను, ఒక చిన్నారి ప్రాణం పోయాక, 2021 మే నెలలో వెనక్కి పిలిచింది. ఇంట్లో పిల్లలు తాకినా కదలకుండా నాలుగంకెల తాళం వేసింది. మంచిదే. అయితే ఆ తాళం చందాదారుల ఏర్పాటుతో ముడిపడి ఉండడంతో, నెలకు 39 డాలర్లు కట్టనివారికి ఉత్త పరుగు కూడా లేకుండా పోయింది. పాఠాలు వద్దు, పాటలు వద్దు, పట్టీ తిరిగితే చాలన్నవారి కాళ్ళ కింద పట్టీ నిలిచిపోయింది. గోల అయ్యాక మూడు నెలల చందా మాఫీ చేశారు. రక్షణ పేరుతో వేసిన తాళానికి చెవి అద్దెకివ్వడం మా దృష్టిలో అపచారమే.

నెలకుఁ గట్టకున్న = ఏమి కట్టకున్న అని కవి చెప్పలేదు. చెప్పనవసరం లేదు. నెలకు అనేది ఏకవచనమైనా యావజ్జీవమని గ్రహించవలెను. తుడుచు పనియు నాదె = దుమ్ము దులపడం నా వంతే. ఇది ఉపలక్షణము, కరెంటు బిల్లు, చోటు, పిల్లవాడు నీళ్ళు పోయకుండా కాపలా కూడా ఇందులోనే చేరును. దొరతన మ్మెవనిదో = పెత్తనం ఎవరిదో. ఎక్కడో దూరదేశంలో ఉన్న సర్వరుదని ధ్వని. మిగిలింది సులభం.

తాత్పర్యం: పద్యంలోనే ఉంది.

విశేషాలు: ఇక్కడ పూర్వపక్షి లేచి, నెలకు కట్టడం కొత్తా? కేబులు బిల్లు కట్టడం లేదా, పేపరు చందా ఇవ్వడం లేదా? అని అడుగును. సమాధానం: పేపరు రోజుకొకటి కొత్తది వచ్చి వాకిట్లో పడుతుంది. కేబులాయన రాత్రీ పగలూ బొమ్మ పంపుతాడు. ఆ నెల ఏదో అందింది కనుక ఆ నెల కట్టాము. బీఎండబ్ల్యూ వారు 2022లో దక్షిణ కొరియా, బ్రిటన్ వంటి చోట్ల కారు సీటు వెచ్చబడడానికి నెలకు సుమారు 18 డాలర్ల చందా పెట్టారు. వెచ్చబరిచే తీగ సీటులోనే ఉంది, దాన్ని మోసే కారు కొన్నవాడిది, వేడెక్కించే బ్యాటరీ కొన్నవాడిదే. నెలనెలా మ్యూనిక్ నుంచి ఏ వేడీ రాదు! ఇది ఎద్దును అమ్మి పగ్గం తన చేతిలోనే ఉంచుకోవడం. జనం ఛీకొట్టగా 2023లో ఆ సంస్థ ఈ పద్ధతి మానుకుంటున్నట్టు చెప్పింది. (రోహిణి కార్తెలో మన ఆర్టీసీ బస్సెక్కినవారికి ఈ సౌకర్యం మొదటినుంచీ ఉచితం.)

ప్రింటరు సంగతి ఇంత తేలిక కాదు. హెచ్‌పీ వారి ఇన్‌స్టంట్ ఇంక్ పథకంలో సిరాకు లెక్క లేదు, కాగితాలకే లెక్క. ఒక్క వాక్యపు సెలవుచీటీ, పేజీ నిండా రంగులున్న పెళ్ళి ఫోటో, రెండూ ఒక్కొక్క పుటే. సిరా అయిపోవచ్చే వేళకు ప్రింటరే కబురుపెట్టగా కొత్త కార్ట్రిడ్జి ఇంటికి వస్తుంది. ఫోటోలు ఎక్కువ అచ్చువేసుకునేవారికి నిజంగా లాభమే, కాదనము. చందా మానుకున్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. కట్టిన గడువు ముగిశాక ఆ కార్ట్రిడ్జి పనిచేయదు. తీసి అరచేతిలో పెట్టుకుంటే బరువుగానే ఉంటుంది, కాగితానికి ఆనిస్తే నల్లటి మరక పడుతుంది, తిరిగి ప్రింటరులో పెడితే మాత్రం చెల్లదంటుంది. మేము సిరా అమ్మలేదు, పుటలు అమ్మాము అని వారి వాదం. తర్కానికి నిలుస్తుంది. సిరా అంటిన చేతికి ఆ తర్కం చెప్పడమే కష్టం.

ఒక్కసారే జీవితకాలపు చందా కట్టేస్తే పోదా అని మరొక శంక. రివాల్వ్ అనే ఇంటి దీపాలు, తాళాలు నడిపే 300 డాలర్ల పెట్టెకు అలాంటి హామీయే ఉండేది. 2014లో ఆ సంస్థను నెస్ట్ కొనుక్కుంది. 2016 మే 15న సేవ ఆపేశారు. జీవితకాలమంటే ఎవరి జీవితమని కొన్నవారు అడిగి ఉండవలసింది.

పాఠాంతరం: నాలుగో పాదం మీద పెద్ద తగవుంది. వాట్సాప్ ప్రతులన్నిటిలో పదాల మధ్య ఖాళీ లేదు. మేము “మూలన్ ఉన్నది, అయ్య, మూగవోయి” అని విడదీస్తాము. హ్యూమేన్ వారి ఏఐ పిన్ దీనికి సాక్ష్యం. చొక్కాకు తగిలించుకుని మాట్లాడే ఆ బిళ్ళ వెల 699 డాలర్లు, ఆపై నెలకు 24. 2024 ఏప్రిల్‌లో చేతికొచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో సంస్థ ఆస్తులు పై ప్రింటర్ల వారికే అమ్ముడయ్యాయి, నెల చివర సర్వర్లు ఆగాయి. మాట్లాడడమే పనిగా పుట్టినది మూగవోయింది.

రెండో పక్షంవారు “మూలనున్న దయ్యము, ఊగవోయి” అని విడదీస్తారు. అనగా, ఓ మూలనున్న దయ్యమా, ఊగు! అని కవి బతిమాలుతున్నాడట. మొదట నవ్వాము. తీరా చూస్తే వారికీ ఆధారముంది. స్నూ అనే ఊయల పసిబిడ్డ ఏడుపు విని తనంతట తానే ఊగుతుంది. వెల 1,695 డాలర్లు. 2024 జూలై నుంచి దాని మేలు రకపు సదుపాయాలకు నెలకు 19.99 డాలర్ల చందా వచ్చింది. ఊపును ఒక స్థాయిలో నిలిపి ఉంచడం, మెల్లమెల్లగా ఊపు మాన్పించడం, నిద్ర లెక్క చెప్పడం ఆ జాబితాలోవి. కొత్తది కొన్నవారికి తొమ్మిది నెలలు ఉచితం. అక్క బిడ్డకు వాడి చెల్లెలికిచ్చే వస్తువు కదా ఊయల. అలా పాతది తెచ్చుకున్న తల్లికి ఆ ఉచితం లేదు. ఉత్త ఊగుడు మాత్రం ఇప్పటికీ ఊరకనే వస్తుంది గనుక “ఊగవోయి” అని అంతవరకే అడగడం కవి ఔచిత్యమట. పైగా ఈ పాఠంలో “మూగ” ఎగిరిపోతుంది కాబట్టి పిల్ల ఏడుపుకు వ్యాకరణపరంగా అడ్డు లేదని కూడా వారంటారు.