పగలు చవక, సందె ప్రియం

టమాటా ధర తెల్లారేసరికి మారితే తిట్టుకుంటూనైనా కొంటాం. కరెంటు ధర పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, సాయంత్రమొకటి అంటే ఎవర్ని తిట్టాలో కూడా తోచదు. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్ని సవరించి ఈ ఏర్పాటు తెచ్చింది. ఎండ కాసే ఎనిమిది గంటలు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ. ఊరంతా ఒక్కసారే స్విచ్చులు నొక్కే వేళ ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. సాయంత్రం ఎక్కువ కట్టడమూ మన హక్కుల్లో ఒకటన్నమాట! ఇళ్లకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టారు, అదీ స్మార్ట్ మీటర్ బిగించాకే.

రాయ్‌పూర్ పక్కనున్న మా బీర్‌గావ్‌కి ఈ గంటల లెక్క కొత్తది కాదు. పక్కనే ఉర్లా, ఆ పైన సిల్‌తరా, అన్నీ ఇనుము కరిగించే, సాగదీసే కార్ఖానాలు. పెద్ద మిల్లులకు వేళను బట్టి రేటు ఎప్పటినుంచో ఉంది. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చి రోలింగ్ మిల్లులో రిటైరైన మా మావయ్యకి ఆ లెక్క నరాల్లో ఇంకిపోయింది.

"అల్లుడూ, కరెంటు చవకంటే అర్ధరాత్రేరా. మా మిల్లులో పెద్ద లోడంతా రాత్రి షిఫ్టులోనే లాగేవాళ్లం" అంటాడు.

ఆయన కాలానికి ఆయన మాట నిజమే. కోర్బా లాంటి చోట బొగ్గు బాయిలర్‌ని రాత్రికి ఆర్పి పొద్దున్నే వెలిగించడం కుదరదు. జనం నిద్రపోయినా అది మండుతూనే ఉంటుంది, ఆ కరెంటు ఎవరో ఒకరు వాడాలి. బ్రిటన్‌లో 1978లో 'ఎకానమీ సెవెన్' పేరుతో రాత్రి ఏడు గంటలు చవక చేసిందీ ఇందుకే. ఇప్పుడు సోలార్ పలకలొచ్చాయి. మిట్టమధ్యాహ్నం కరెంటు పొంగి పొర్లుతుంది. పొద్దుగూకగానే, సరిగ్గా మనం లైటు, టీవీ, కూలర్ వేసే వేళకి, సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. దాంతో చవక బేరం అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నానికి మారింది.

ఇదంతా విన్నాక మావయ్య పొదుపు ఉద్యమం లేవదీశాడు. సందె పడితే చాలు, గది గదికీ తిరిగి బల్బులార్పడం. చీకట్లో పప్పు పోపు మాడాక మా ఆవిడ పాత క్యాలెండర్ వెనక లెక్క వేసింది.

"మావయ్యగారూ, యూనిట్ అయిదు రూపాయలనుకోండి. తొమ్మిది వాట్ల బల్బు అయిదు గంటలు వెలిగితే పావలా లోపు. దాని మీద పది శాతం అంటే రెండు పైసలు. రెండు పైసలకి నా పోపు మాడ్చేశారు."

"మరి కూలరమ్మా?"

"రెండొందల వాట్లు, అయిదు గంటలు, ఒక యూనిట్. అదనం అర్ధ రూపాయి."

రాయ్‌పూర్ మే నెల ఉక్క ఎరిగిన మనిషి కదా, అర్ధ రూపాయికి కూలర్ ఆపమనే ధైర్యం ఆయనకి రాలేదు.

అసలు బరువు ఎక్కడుందో లెక్కలోనే తేలింది. రెండు కిలోవాట్ల గీజర్ అరగంటకే యూనిట్ మింగుతుంది. మధ్యాహ్నమైతే నాలుగు రూపాయలు, సందెవేళ అయిదున్నర. ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్‌దీ అదే దారి. వీటిని మధ్యాహ్నానికి జరిపితే చాలు. కాకపోతే మధ్యాహ్నం ఇంట్లో ఉండేదెవరు? మేమిద్దరం ఆఫీసుల్లో, పిల్లలు బడిలో. జీవితమంతా నైట్ డ్యూటీ చేసిన మావయ్యకే ఇప్పుడు డే షిఫ్టు పడింది. బట్టలు తిరుగుతుంటే మెషీన్ పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, మిల్లులోలాగే చప్పుడు వింటూ ఉంటాడు.

ఒక్క సంగతి మరవకండి. వేళ మార్చితే రేటు తగ్గుతుంది కానీ యూనిట్లు తగ్గవు. ఛత్తీస్‌గఢ్‌లో 2019లో 400 యూనిట్ల దాకా సగం బిల్లు పథకం పెట్టారు, 2025లో ఆ హద్దు కుదించారు. ఆ హద్దు చూసేది యూనిట్లనే, గడియారాన్ని కాదు. కాబట్టి ముందు మీ బిల్లు తీసి, వేళలవారీగా యూనిట్లు విడివిడిగా చూపారేమో చూడండి. చూపకపోతే అర్ధరాత్రి, అపరాత్రి విన్యాసాలేవీ వద్దు. చూపితే ఆ నాలుగు బరువు సామాన్లనీ ఎండవేళకి జరపండి. బల్బుల జోలికి మాత్రం పోకండి, పోపు మాడుతుంది.